ఏడో రిబ్బు ఆగిన రెండు సెకన్లు

నేను రిటైరైన రోజున షెడ్డులో చిన్న సభ పెట్టారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఆరేడుగురు ముందు వరసలో కూర్చున్నారు. “మీ అనుభవంలోంచి నాలుగు మాటలు చెప్పండి మేడమ్” అన్నారు. నేను దేశం గురించీ క్రమశిక్షణ గురించీ ఏవో చెప్పి, శాలువా కప్పించుకుని ఇంటికొచ్చేశాను. చెప్పినవి అబద్ధాలు కావు గానీ, ఆ పని చెయ్యబోయేవాళ్ళకు అక్కరకొచ్చేవీ కావు. ఆ రోజు అలసిపోయి ఉన్నాను. ఇప్పుడూ అలసటగానే ఉంది. కాకపోతే కూర్చుని రాయడానికి తీరిక దొరికింది.

మా పని

తిరుపతికీ రేణిగుంటకూ మధ్య, రోడ్డు మీద పోయేవాళ్ళకు గోడౌనులా కనిపించే ఒక షెడ్డులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. చుట్టాలంతా నేను రాకెట్లు చేస్తానని అనుకునేవారు. రాకెట్ల జోలికి నేనెప్పుడూ పోలేదు. మా పని గొడుగులు విప్పడం.

భూమ్మీద నుంచి వచ్చే సన్నటి సిగ్నల్ కూడా అందుకోవాలంటే ఉపగ్రహానికి పెద్ద యాంటెన్నా ఉండాలి. పెద్దదంటే చిన్న కల్యాణ మండపం అంత వెడల్పు. రాకెట్టులో దానికి దొరికే చోటు మాత్రం బీరువా అంత. అందుకని దాన్ని గొడుగులా మడిచి, నడుముకు పట్టీ కట్టి పంపుతారు. పైకి వెళ్ళాక పట్టీ తెగుతుంది. స్ప్రింగులు ఊచలను బయటికి నెడతాయి. మధ్యలో ఉన్న చిన్న మోటారు తాడును కొంచెం కొంచెంగా వదులుతుంది. గొడుగు మెల్లగా విచ్చుకుంటుంది. ఊచలను మేం రిబ్బులు అనేవాళ్ళం. ఒక్కో రిబ్బుకు నడుమ మోకాలిలాంటి కీలు ఉంటుంది. పైన గుడ్డకు బదులు, బంగారు పూత పూసిన తీగతో అల్లిన వల. ఆ తీగ తలవెంట్రుక కన్నా సన్నం. దగ్గరికి పోయి గట్టిగా ఊపిరి వదిలితే వల ఊగుతుంది.

అంత తేలికగా చేసిన వస్తువు భూమ్మీద తన బరువు తాను మొయ్యలేదు. పైన బరువుండదు కాబట్టి అక్కడ మొయ్యనక్కర్లేదు. కానీ పంపేముందు ఒకసారైనా విప్పి చూడాలి గదా. ఊరికే విప్పితే వంగి విరుగుతుంది. అందుకని షెడ్డు పైకప్పుకు పట్టాలు వేసి, వాటి మీద చిన్న చక్రాల బండ్లు పెట్టి, ఒక్కో బండి నుంచి ఒక్కో తాడు దింపి, ఆ తాడుతో రిబ్బును పట్టుకునేవాళ్ళం. రిబ్బు బయటికి తెరుచుకునేకొద్దీ పైనున్న బండి దానితోపాటు జరుగుతుంది. ఇంత చేశాక కూడా, మనం చూస్తున్నది యాంటెన్నా నడకా, పైనున్న బండి నడకా అన్న అనుమానం తీరదు. నా ఉద్యోగమంతా పైకప్పు వైపు చూడ్డంతోనే గడిచింది. మెడనొప్పికి, ఎముకలకు కట్లు కట్టే పుత్తూరు పొమ్మని అందరూ చెప్పేవారు. ఒకసారి పోయాను కూడా. విరిగిన ఎముకైతే కడతాము గానీ, పైకి చూసి చూసి అరిగిన మెడకు కట్టు లేదమ్మా అని పంపించేశారు.

మునిరత్నం సార్

నేను చేరినప్పుడు మా పెద్ద మునిరత్నం సార్. పలమనేరు మనిషి. “బాగా తెరుచుకుంది సార్” అని ఎవరైనా చెబితే ఆయనకు ఒళ్ళు మండేది.

“తెరుసుకునింది సరేమ్మా. ఇంగా ఎంత మిగిలింది?”

స్ప్రింగు నెట్టే బలంలోంచి, కీలులో రాపిడీ వైర్ల బిగువూ తినేసింది తీసేస్తే, చేతిలో ఇంకా ఎంత బలం మిగిలిందని ఆ ప్రశ్న. మన ఇంట్లో తలుపు పట్టేస్తే ఇంకోసారి నెడతాం. పైన ఇంకోసారి నెట్టే చెయ్యి ఉండదు. కాబట్టి తెరుచుకోవడం ఒక్కటే చాలదు, నాలుగైదు రకాల దరిద్రాలు ఒకేసారి తగులుకున్నా తెరుచుకునేంత మిగులు ఉండాలి. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

అయినా ఆయన మంచి పెద్ద అని చెప్పలేను. పదిమందిలో నిలబెట్టి తిట్టేవారు. ఒకసారి నా రిపోర్టు తీసుకుని చదవకుండానే కిటికీలోంచి బయటికి విసిరేశారు. వాన పడుతోంది. వెళ్ళి ఏరి తెచ్చుకున్నాను. ఆయన దగ్గర నాలాంటివాళ్ళం గట్టిపడ్డాం. ఇంకొందరు తాము చూసింది చెప్పడం మానేశారు. ఒకడు జంకుతూ “ఏదో శబ్దం వచ్చినట్టుంది సార్” అంటే, “ఉండటమేందిరా, వచ్చిందా రాలేదా?” అని మీద పడేవారు. మర్నాటి నుంచి వాడికి ఏ శబ్దమూ వినపడదు. తిట్టే పెద్ద కింద చేరిన పిల్లలు ఈ ఒక్కటీ గమనించుకోండి. మీకు తిట్లు తగలడం చిన్న నష్టం. మీ చెవులు మూసుకుపోవడం పెద్ద నష్టం.

మునెమ్మ

వలను రిబ్బులకు కుట్టడం మాకు మొదట్లో చేతకాలేదు. కుట్టిన చోటల్లా చినిగేది. చదువుకున్నవాళ్ళం ఐదుగురం చేరి నెలలు నెలలు వల పాడుచేశాం. చివరికి ఎవరో చెబితే, నగరిలో మగ్గాల దగ్గర తెగిన పడుగు పోగులు అతికే ఆడవాళ్ళను ముగ్గురిని కాంట్రాక్టు మీద పిలిపించాం. ఇద్దరు నెల తిరక్కుండా మానేశారు. తెల్లటి కోటు, ముఖానికి గుడ్డ, మాట్లాడకుండా రోజంతా ఒకే చోట కూర్చోవడం వాళ్ళకు పడలేదు. మునెమ్మ నిలబడింది.

వచ్చిన వారానికే నాతో అంది: “ఈ వల ఒక పక్క సాగుడు ఎక్కువుండాది మేడమ్. మీరు రెండు పక్కలా ఒకే తీరుగా లాగతా ఉండారు. తెగకుంటే ఏం సేస్తాది?”

కాగితం మీద ఆ సంగతి మాకూ తెలుసు. చేతికి తెలియదు. ఆమె వేళ్ళకు తెలుసు. అప్పటి నుంచి వల చినగలేదు.

రోజూ పొద్దున నగరిలో రైలెక్కి పుత్తూరు మీదుగా వచ్చేది, సాయంత్రం అదే దారిన పోయేది. పదకొండేళ్ళు పనిచేసినా గేటు దగ్గర నిలబడి ఏ రోజుకా రోజు పాసు రాయించుకునేది. ఆమెను పర్మనెంటు చెయ్యాలని మూడుసార్లు రాశాం. చదువు చాలదని మూడుసార్లూ తిరిగొచ్చింది. ఆ కాగితాల మీద ఉన్న సంతకాల్లో కొన్ని, ఆమె రాకముందు వల చించినవాళ్ళవే.

చివరి పరీక్ష

ఇక నా తప్పు. ఇదంతా రాస్తున్నది దానికోసమే.

ఆ యాంటెన్నాకు పన్నెండు రిబ్బులు. సముద్రంలో దూరంగా పోయే పడవలకు తుపాను కబురు అందించడానికి, పడవవాళ్ళు ఆపదలో ఉంటే వాళ్ళ కబురు ఒడ్డుకు చేర్చడానికి దాన్ని తలపెట్టారు. పడవలో ఉండేది చిన్న పెట్టె, దాని గొంతు చిన్నది. వినే చెవి పెద్దదిగా ఉండాలి.

అప్పటికి మునిరత్నం సార్ రిటైరై పలమనేరు వెళ్ళిపోయారు. ఆయన చోటికి ప్రభాకర్ సార్ వచ్చారు. ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు. తేదీ మాత్రం దాటనిచ్చేవారు కాదు. పరీక్షలు నా చేతి కింద జరిగేవి. చివరి సంతకం నాది.

పన్నెండింటిలో ఒకటో రిబ్బుకూ ఏడో రిబ్బుకూ కొసన చిన్న పరికరాలు ఉన్నాయి. యాంటెన్నా ఆకారం సరిగ్గా వచ్చిందో లేదో అవి చెబుతాయి. వాటి వైర్ల కట్ట రిబ్బు వెంబడి వచ్చి కీలు మీదుగా దాటుతుంది. చివరి పరీక్షకు వారం ముందు మునెమ్మ నన్ను ఏడో రిబ్బు దగ్గరికి పిలిచింది.

“ఈడ సూడండి మేడమ్. మడిసినప్పుడు ఈ వైర్లు వలను రాస్తా ఉండాయి. పైకి పోయేటప్పుడు అదురుకి వల తెగుతాది.”

నిజమే. ఒకటో రిబ్బు దగ్గర ఆ రాపిడి లేదు. పద్ధతి ప్రకారమైతే డ్రాయింగు మార్చి కమిటీకి పంపి, ఒప్పుకున్నాక ముట్టుకోవాలి. దానికి పది రోజులు పడుతుంది. మా దగ్గర పది రోజులు లేవు. గురవయ్యను పిలిచాను. షెడ్డులో అందరికన్నా పాత టెక్నీషియన్ అతను.

“కీలు పక్కన ఇంకో కట్టు కట్టెయ్ గురవయ్యా. వైర్లు వలకు తగలకుండా ఉంటాయి.”

“డ్రాయింగులో లేదు గదా మేడమ్?”

“తర్వాత ఎక్కిద్దాంలే.”

మైనం పూసిన దారంతో నాలుగు చుట్లు చుట్టి ముడి వేశాడు. చక్కగా కట్టాడు. తర్వాత ఎక్కించడం నేను మరిచిపోయాను.

పరీక్ష రోజు షెడ్డు నిండా జనం. పట్టీ తెగింది. పన్నెండు రిబ్బులూ కదిలాయి. సగం దాటాక ఏడోది ఆగింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టేంతసేపు. తర్వాత చిన్నగా జంకినట్టు కదిలి మిగతావాటిని కలుసుకుంది. పూర్తిగా తెరుచుకోగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో మునెమ్మ నా పక్కకు వచ్చింది.

“ఏడోది ఆగినాది మేడమ్.”

“చూశాను. పైనున్న బండి చక్రం పట్టేసింది.”

“బండి ఆగుంటే తాడు వెనక్కి వాలాల గదా మేడమ్? ముందుకు వాలినాది. బండి పోతానే ఉండె, రిబ్బే నిలిసిపోయినాది.”

ఆమె చెప్పింది నాకు స్పష్టంగా వినపడింది. అర్థమైంది కూడా. బండి ముందుకు పోయి రిబ్బు వెనకబడిందంటే, పట్టేసింది రిబ్బు కీలు అన్నమాట. ఇంజనీరింగు చదివిన నాకు ఆ మాట ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా ప్రభాకర్ సార్ వచ్చి “ఏమిటది?” అని అడిగినప్పుడు, “ఏడో బండి చక్రం సార్. ముందునుంచీ కీచుమంటోంది” అన్నాను. చక్రం కీచుమనడం నిజమే. నిజం కాబట్టి ఇంకా సులువైంది.

చక్రం మార్చి ఇంకో రెండుసార్లు చేశాం. రెండుసార్లూ ఏడోది ఆగలేదు. వంగి వంగి వైర్ల కట్ట కాస్త మెత్తబడిందనీ, అందుకే ఆగలేదనీ నాకు చాలా తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం చక్రానిదే తప్పు అని నాకు నేను నచ్చజెప్పుకుని సంతకం పెట్టాను. మునెమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పైన

ఉపగ్రహానికి ఆజ్ఞలు పంపేది వేరే ఊళ్ళో. మేం షెడ్డులోనే ఒక తెర ముందు కూర్చున్నాం. పొద్దున పదిన్నర ఉంటుంది. తెర మీద పన్నెండు రిబ్బులకు పన్నెండు అంకెలు. రిబ్బు తెరుచుకునేకొద్దీ దాని అంకె పెరుగుతుంది. అన్నీ పెరుగుతున్నాయి. సగం దాటాక ఏడో అంకె నిలిచిపోయింది. మిగతావి పెరుగుతూనే ఉన్నాయి. దాని పక్కనున్న రెండూ వెనకబడి, మెల్లగా చేరుకున్నాయి. ఏడోది కదల్లేదు. నేను ఒకటి, రెండు లెక్కపెట్టాను. పది లెక్కపెట్టాను. తర్వాత లెక్కపెట్టడం మానేశాను.

“ఏడోదే” అన్నాడు గురవయ్య నా వెనక నుంచి, నాకు మాత్రం వినపడేలా.

కమిటీ కూర్చుంది. వల ఎక్కడో రిబ్బుకు చిక్కుకుని ఉంటుందని మొదటి రోజే ఎక్కువమంది అన్నారు. ఉపగ్రహాన్ని అటూ ఇటూ గట్టిగా కుదిపితే ఆ చిక్కు విడిపోవచ్చని ఒక ఆలోచన వచ్చింది. వల చిక్కుకుందంటే తప్పు కుట్టులో ఉన్నట్టు. ప్రభాకర్ సార్ కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, విచారణ అయ్యేదాకా కుట్టేవాళ్ళను పంపొద్దన్నారు. కుట్టేవాళ్ళంటే మునెమ్మే. మర్నాడు పొద్దున ఆమె రైలు దిగి గేటు దాకా వచ్చింది, పాసు రాయలేదు, వెనక్కి వెళ్ళిపోయింది. సార్ ఫోన్ చేసినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. నోరు తెరవలేదు. వల చిక్కుకునే ఉంటుందని నాకూ అనిపించింది. అలా అనిపిస్తే బాగుండునని నేను కోరుకుని ఉంటాను.

మా దగ్గర అలాంటిదే ఇంకో రిబ్బు ఉంది, ఇలాంటి అవసరాలకని దాచిపెట్టింది. గాలి తీసేసి పైనున్నంత చలి పుట్టించే పెద్ద ఉక్కు పీపా కూడా ఉంది. శనివారం పొద్దున ఆ రిబ్బును, డ్రాయింగులో ఉన్నట్టే వైర్లు కట్టి, పీపాలో పెట్టి చల్లబరిచి విప్పాం. చక్కగా తెరుచుకుంది. నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. గురవయ్య కదల్లేదు.

“మేడమ్, పైకి పోయినదానికి ఇంగో కట్టుండాది గదా?”

ఆ క్షణందాకా ఆ కట్టు సంగతి నాకు గుర్తులేదని నేను ప్రమాణం చేసి చెప్పలేను.

గురవయ్య దారం తీసుకుని ఆ చోటే, ఆ తీరే నాలుగు చుట్లు చుట్టాడు. మళ్ళీ చల్లబరిచాం. పీపా అద్దంలోంచి చూశాను. సగం దాటాక రిబ్బు ఆగిపోయింది. చలికి వైర్లు కడ్డీల్లా బిగుసుకున్నాయి. ఆ కట్టు వాటిని వంగనివ్వడం లేదు. స్ప్రింగు బలం అక్కడికి సరిపోయింది. మిగిలింది ఏమీ లేదు.

“ఈ కట్టు సంగతి మన ముగ్గురికే తెలుసు మేడమ్” అన్నాడు గురవయ్య. “మునెమ్మ, మీరు, నేను. మీరు సెప్పమంటే యాడైనా సెప్తాను. సెప్పొద్దంటే…”

మధ్యాహ్నం ప్రభాకర్ సార్ ఫోన్ చేశారు. పరీక్ష ఏమైందన్నారు. “ఇంకా చూస్తున్నాం సార్” అన్నాను. సోమవారం కమిటీ కూర్చుని ఉపగ్రహాన్ని కుదపడానికి అనుమతి ఇవ్వబోతోంది. వల చిక్కుకోకుండానే కుదిపితే, బాగున్న వల చినగవచ్చు. ఇది తెలిసి కూడా “చూస్తున్నాం” అన్నాను.

పలమనేరు

ఆదివారం పొద్దున చిత్తూరు మీదుగా పలమనేరు బస్సెక్కాను. మునిరత్నం సార్ ఇంటి ముందు ఎండలో కుర్చీ వేసుకుని, మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నారు. రెండు ఆవులు పెట్టుకున్నారు. మనిషి సగమయ్యారు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

జరిగింది చెప్పాను. ఆయన అడ్డు తగలకుండా విన్నారు. అలా వినడం నేను మొదటిసారి చూశాను.

“ఆ కీలుకి ఎండ తగిలేట్టు తిప్పితే?” అన్నారు చివరికి.

“తిప్పొచ్చు సార్. వైర్లు వెచ్చబడితే వంగుతాయి. రోజులు పడుతుంది గానీ కదులుతుంది.”

“మరింకేమమ్మా? పోయి సెప్పు.”

“చెప్పాలంటే కట్టు సంగతి చెప్పాలి సార్. డ్రాయింగులో లేదు. ఆగింది చూసి కూడా సంతకం పెట్టాను.”

ఆయన కుర్చీని ఆవుల వైపు జరుపుకున్నారు.

“నువ్వు సేరకముందు ఒక సోలార్ పలక తెరుసుకోలేదు. కీలు గడి బిగించింది నేను. కొలత సూడకుండా బిగించినాను. నాగరాజని ఒక టెక్నీషియన్ ఉండె. అందరూ వాడే బిగించినాడనుకున్నారు. నేను నోరు మెదపలేదు. వాడు ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని ఎల్లిపోయినాడు. శానా ఏండ్లకు సెప్పుకుందామని వాళ్ళూరికి పోతి. మనిషి పోయి ఆర్నెల్లైందన్నారు.”

ఆయన మఫ్లర్ సర్దుకున్నారు.

“మిమ్మల్నందర్నీ అట్లా కరిసినాను గదా. తప్పు జరగతాదని కాదమ్మా. జరిగితే నేను మళ్ళా అట్లనే ఊరకుంటానని బయం.”

వాళ్ళావిడ కాఫీ తెచ్చింది. తాగాను. ఆయన నన్ను ఏమీ చెయ్యమని చెప్పలేదు, ధైర్యమూ చెప్పలేదు. బస్టాండు దాకా వస్తానని లేచి, నాలుగడుగులు వేసి, మోకాళ్ళు పట్టేస్తే గేటు పట్టుకుని ఆగిపోయారు.

సోమవారం

కమిటీ ముందు అంతా చెప్పాను. మునెమ్మ వైర్లు చూపించడం, నేను కట్టు కట్టించడం, డ్రాయింగులో ఎక్కించకపోవడం, రెండు సెకన్లు, పీపాలో పరీక్ష. ఎవరూ కోప్పడలేదు. కోప్పడి ఉంటే తేలికగా ఉండేది.

ఒక పెద్దాయన అడిగారు: “ఆగిందని మీరు కాక ఇంకెవరు చూశారు?”

“వల కుట్టే మునెమ్మ చూసింది సార్. తాడు ముందుకు వాలిందని కూడా చెప్పింది. నేను వినలేదు.”

“ఆమెను పిలవండి. ఆమె నోటితో వింటాం.”

“ఆమెకు గేటు పాసు ఆపేశారు సార్.”

ప్రభాకర్ సార్ టేబుల్ మీది కాగితాలు సర్దుకున్నారు.

కుదిపే ఆలోచన మానుకున్నారు. ఏడో రిబ్బు కీలుకు ఎండ తగిలేలా ఉపగ్రహాన్ని తిప్పారు. రోజుకు కొంతసేపు. మొదటి నాలుగు రోజులు అంకె కదల్లేదు. ఐదో రోజు ఒక్క గీటంత పెరిగింది. అలా మూడు వారాల దాకా, నీరసించిన మనిషి మెట్లెక్కినట్టు పెరిగింది. చివరిదాకా వచ్చింది గానీ, ఆఖరున కీలును కదలకుండా పట్టుకునే గడి పడలేదు. యాంటెన్నా ఒక పక్క కొంచెం వాలే ఉండిపోయింది. సముద్రంలో ఒక వైపు పడవలకు కబురు బాగా అందింది. ఇంకో వైపు వాటికి సరిగ్గా అందలేదు. ఆ పడవవాళ్ళు ఇంకో యాంటెన్నా పైకి పోయేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ కొన్నేళ్ళూ తుపాను వస్తోందంటే నేను టీవీ పెట్టేదాన్ని కాదు.

నాకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. అంతే. అంతకన్నా ఎక్కువ ఇస్తారనుకున్నాను.

మునెమ్మను పిలుచుకురావడానికి నేనే నగరి వెళ్ళాను. వాళ్ళ వీధిలో మరమగ్గాల చప్పుడుకు మాట వినపడదు. ఆమె వరండాలో కూర్చుని పడుగు అతుకుతోంది. నన్ను చూసి లేవలేదు.

“ఇంట్లో అందరూ అడిగినారు మేడమ్. ఏం సేసినావు, ఏం సెడగొట్టినావని. ఏమని సెప్పల్ల నేను?”

“తప్పు నాది మునెమ్మా.”

“అది నాకు అప్పుడే తెలుసు. తాడు వాలినప్పుడే.”

పోగులు రెండు ముడివేసి, కొస కొరికింది.

“మళ్ళీ వస్తావా?”

“నేను రాకుంటే ఆ వల ఎవరు కుడతారు? వస్తాను. కానీ నేను ఆపమంటే ఆపాల. తర్వాత సూద్దామంటే కుదరదు.”

ఆ మాటనే కాగితం మీద పెట్టాం. పరీక్షలో ఎవరికి ఏం తేడా కనిపించినా, వాళ్ళు ఏ పాసు మీద లోపలికి వచ్చినా, ఆపమంటే ఆపాలి. కారణం తేలాలి, లేదా ఆపినవాళ్ళే సరే అనాలి, అంతదాకా సంతకం లేదు. ప్రభాకర్ సార్ ఒక్క మాట మార్చకుండా ఒప్పుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. మాలో ఎవరమూ చెడ్డవాళ్ళం కాదు. తేదీ దగ్గర పడినప్పుడు మంచివాళ్ళు ఏం చేస్తారో మేం చేశాం. మీరూ చేస్తారు. చెయ్యబోమని మీరు గట్టిగా అనుకుంటున్న రోజే చేస్తారు. అందుకే నియమం కాగితం మీద ఉండాలంటాను, మనసులో ఉంటే చాలదు.

మూడు వారాలు

తర్వాతి యాంటెన్నా చివరి పరీక్షలో రిబ్బులు సగం తెరుచుకున్నాయో లేదో, మునెమ్మ చెయ్యెత్తింది.

“ఆపండి. నాలుగోది కొంచిం తడబడినాది.”

నేను అటే చూస్తున్నాను. నాకేం కనిపించలేదు. గురవయ్యకూ కనిపించలేదు. కెమెరాల్లో చూస్తే అందులోనూ ఏమీ లేదు. మునెమ్మ మాత్రం మాట మార్చలేదు. ఆపేశాం. నాలుగో రిబ్బును ఊడదీసి, కీలు విప్పి, తుడిచి, ప్రతి ముక్కా కొలిచి, వైర్లు విప్పి మళ్ళీ కట్టి, చల్లబరిచి చూశాం. మూడు వారాలు. తప్పు ఏదీ దొరకలేదు. పై ఆఫీసు నుంచి రోజూ ఫోన్లు. ప్రభాకర్ సార్ ఫోన్లు ఎత్తి, “ఇంకా సంతకం కాలేదు” అని పెట్టేసేవారు. ఆ మూడు వారాల్లో ఆయన జుట్టు నెరిసినట్టు నాకనిపించింది.

మళ్ళీ పరీక్ష పెట్టాం. మునెమ్మ చూసి, తలూపింది. సంతకం పెట్టాను. యాంటెన్నా వెళ్ళింది. ఒక సాయంత్రం, తెర మీద పన్నెండు అంకెలూ ఒకదానికొకటి పోటీ లేకుండా పెరిగి, పూర్తయ్యాయి. గడులన్నీ పడ్డాయి. రెండు వైపుల పడవలకూ ఇప్పుడు కబురు అందుతోంది.

చప్పట్లయ్యాక, కొత్తగా చేరిన శ్రావణి నా దగ్గరికి వచ్చింది. తెలివైన పిల్ల.

“మేడమ్, మరి ఆ మూడు వారాలు అనవసరంగా పోయినట్టేనా?”

“నాకు తెలియదమ్మా” అన్నాను.

నిజంగానే తెలియదు. విప్పి, తుడిచి, మళ్ళీ బిగించేటప్పుడు మేం దేన్నో సరిచేసి ఉండొచ్చు. అసలు ఏ తప్పూ లేకపోయి ఉండొచ్చు. తెరుచుకోని యాంటెన్నా ఎందుకు తెరుచుకోలేదో చూడ్డానికి కమిటీ వేస్తారు. తెరుచుకున్నది ఎందుకు తెరుచుకుందో ఎవరూ అడగరు. ఈ పనిలో గెలిచిన రోజున ఎందువల్ల గెలిచామో మీకు తెలియదు. ఆ తెలియకపోవడాన్ని ఏళ్ళ తరబడి మొయ్యగలిగితేనే ఈ పనిలోకి రండి.

శ్రావణి ఇంకేదో అడగబోయింది. మునెమ్మ సూదులు డబ్బాలో పెట్టుకుని, రైలుకు టైమవుతోందని బయల్దేరింది. నేనూ ఇంటికి వెళ్ళి పడుకున్నాను. మర్నాడు సాయంత్రం దాకా లేవలేదు.